కూర్చుంటే పని చేయనట్టేనా?

పోయిన శ్రావణంలో తెనాలిలో మా బాబాయి వాళ్ళింట్లో భోజనాల దగ్గర పది గంటల పని మీద వాదన లేచింది. వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని తెలంగాణలో 2025 జులైలో ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రాలోనూ అదే దారి పట్టారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు దాని మీద గింజుకుంటున్నాడు. బాబాయి తీసిపారేశాడు. "పది గంటలకే ఇంత గోలేంట్రా? పొద్దున్న ఎనిమిదింటికి కొట్టు తీస్తే రాత్రి పదింటికి గానీ తాళం పడేది కాదు. నలభై ఏళ్ళు అట్లాగే చేశాం. ఏమైందిప్పుడు, దుక్కలా ఉన్నాంగా?"

గుమ్మం దగ్గర పప్పు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది మా తమ్ముడి భార్య. పెద్దల మధ్య నోరు విప్పే మనిషి కాదు. "మీరు కూర్చుని చేశారు మావయ్యగారూ" అంది.

బాబాయి నవ్వేసి మజ్జిగ పోయించుకున్నాడు. మాట అక్కడితో పోయింది. కానీ ఆ అమ్మాయి పెళ్ళికి ముందు విజయవాడలో ఓ పెద్ద బట్టల షోరూములో సేల్స్‌లో పనిచేసింది. ఆమె అన్నది ఊరికే అన్న మాట కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మేమంతా కూర్చుని తింటూ పని గంటల గురించి వాదించుకుంటుంటే, ఆ సమయానికి పనిలో ఉన్నదీ, నిలబడి ఉన్నదీ ఆమె ఒక్కతే.

వారానికి 70 గంటలు, 90 గంటలు పని చేయాలని పెద్ద కంపెనీల పెద్దమనుషులు అన్నప్పటినుంచి మన చర్చంతా గంటల చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని గంటలన్నది అడగాల్సిందే, కాదనను. ఆ గంటల్లో మనిషి కాస్త నడుం వాల్చకపోయినా కనీసం కూర్చోవచ్చా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన చుట్టూ నిలబడి పనిచేసే వాళ్ళలో చాలామందిని నిలబెట్టింది పని కాదు. మన కళ్ళు. ఎదుటివాడు నిలబడి ఉంటేనే మనకు పని జరుగుతున్నట్టు, మర్యాద అందుతున్నట్టు ఉంటుంది.

పరుపుల కొట్టు

బాబాయి బట్టల కొట్టు నాకు బాగా గుర్తుంది. చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్తే గోడ నుంచి గోడదాకా పరుపులు, వాటిమీద తెల్ల దుప్పట్లు. ఒక పక్క బాబాయి, ముందు చిన్న డెస్కు, వెనక బాలీసు. గుమాస్తాలు పరుపు మీదే మఠం వేసుకుని కూర్చునేవాళ్ళు. కొనేవాళ్ళూ ఎదురుగా కూర్చునేవాళ్ళు. తానులు విప్పి పరిచేవాళ్ళు, మీటరు బద్దతో కొలిచేవాళ్ళు. పెళ్ళి బట్టలకొచ్చిన కుటుంబం పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం భోజనం వేళకి లేచేది. బేరాలు, అలకలు, కాఫీలు, వియ్యాలవారి మీద చాడీలు, అన్నీ కూర్చునే. అమ్మేవాడు కూర్చున్నాడని ఎవరికీ అవమానం అనిపించలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలతకి వెళ్తే హోల్‌సేల్ కొట్లలో ఈ పద్ధతి ఇంకా చూడొచ్చు.

అసలు బట్ట పుట్టేదే కూర్చున్న చోట. మంగళగిరిలో, పోచంపల్లిలో గుంట మగ్గంలో కాళ్ళు దింపి కూర్చునే నేస్తారు. నేసేవాడు కూర్చుని నేసిన చీరని, కొట్టువాడు కూర్చుని టోకుగా అమ్మిన చీరని, షోరూములో అమ్మాయి మాత్రం నిలబడే చూపించాలి. మధ్యలో ఏం మారింది? చీర మారలేదు, చీర మడత విప్పే పద్ధతీ మారలేదు. అద్దాల కౌంటరు వచ్చింది, పరుపు పోయింది. కొనేవాళ్ళకు స్టూళ్ళు వేశారు, అమ్మేవాళ్ళకు వేయడం మర్చిపోయారు. మర్చిపోయారనడం కూడా నా మంచితనమే.

పాత కొట్టుని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అదే కొట్టులో ఒక కుర్రాడుండేవాడు. అటక మీంచి మూటలు దించడం, చూపించిన తానులు మళ్ళీ మడిచి సర్దడం, పక్క హోటల్నుంచి కాఫీలు తేవడం వాడి పని. పని లేనప్పుడు కూడా వాడు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడేవాడు. పరుపు మీద చోటు లేక కాదు. చిన్నవాడు కాబట్టి, తర్వాత తర్వాత తెలిసింది, ఇంకో కారణం వల్ల కూడా. వాడి పేట వేరు. అంటే ఆ పరుపుల మీద సమానత్వం అందరికీ లేదు. కూర్చోవడానికి హోదా కావాలన్న లెక్క అప్పుడూ ఉంది. షోరూము ఆ లెక్కని కౌంటరు వెనకున్న అందరికీ పెంచింది, అంతే.

కింద అరలో డబ్బా

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మా తమ్ముడి భార్యని కదిపాను. చెప్పనా వద్దా అన్నట్టు మొదలుపెట్టి చాలాసేపే చెప్పింది. పొద్దున్న తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర. మధ్యలో అన్నానికి అరగంట, అదీ బ్యాచిల ప్రకారం. మిగతా వేళంతా నిలువుకాళ్ళ మీదే. గోడకి ఆనుకోకూడదు, కౌంటరు మీద మోచేతులు ఆనించకూడదు. కస్టమర్లు లేని మధ్యాహ్నం వేళ కూడా. ఆషాఢం సేల్ రోజుల్లో ఊపిరాడదు కాబట్టి పెద్దగా తెలిసేది కాదట. ఖాళీగా నిలబడిన రోజులే నరకమట. "పనుంటే నొప్పి తెలీదు అక్కా, పని లేకుండా నిలబడితే తెలుస్తది" అంది.

ఆ ఫ్లోర్ మీది అమ్మాయిలు ఒక ఉపాయం పట్టారు. కింద అరలో ఏదో డబ్బా వెతుకుతున్నట్టు వంగి, కౌంటరు చాటున రెండు నిమిషాలు గొంతుక్కూర్చోవడం. ఒకళ్ళు కూర్చుంటే ఇంకొకళ్ళు పైన కాపలా. ఫ్లోర్ ఇన్‌ఛార్జి అటు వస్తుంటే పైనున్న అమ్మాయి "ఆ గ్రీన్ కలర్ దొరికిందా?" అని అడిగేది. అదీ గుర్తు. లేని గ్రీన్ కలర్ డబ్బా కోసం పూటకి ఎన్నిసార్లు వెతికారో. మంచినీళ్ళు తక్కువ తాగేవాళ్ళట, ఎందుకంటే బాత్రూం సెల్లార్లో, పర్మిషన్ అడిగి వెళ్ళాలి. సాయంత్రానికి చెప్పుల పట్టీ పాదంలో దిగి అచ్చు పడేది. ఇరవై రెండేళ్ళకి ఆమె పిక్కల మీద నరాలు తేలాయి. గంటల తరబడి నిలబడితే కాళ్ళ వాపులు, నడుం నొప్పి, ఉబ్బిన నరాలు వస్తాయని ఏ డాక్టరైనా చెబుతారు. ఆమెకూ చెప్పారు, "ఎక్కువసేపు నిలబడకమ్మా" అని. చీటీ తీసుకుని మర్నాడు డ్యూటీకి వెళ్ళింది.

నాకు ఇందులో కాళ్ళ నొప్పికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఆ డబ్బా వెతకడం. ఎదిగిన మనిషి రెండు నిమిషాలు కూర్చోవడానికి నాటకం ఆడాల్సి రావడం. విశ్రాంతిని దొంగతనంగా మార్చేశాక, ఇక ఆ కొట్టులో యూనిఫాం ఎంత బాగున్నా, పండక్కి స్వీటు బాక్సు ఎంత పెద్దదిచ్చినా, మనుషుల్ని బాగా చూసుకుంటున్నామని యజమాని చెప్పుకోవడానికి నోరెలా వస్తుంది?

మిఠాయి వీధి నుంచి

ఈ సంగతిని వీధిలోకి తెచ్చింది కేరళ ఆడవాళ్ళు. కోజికోడ్‌లో మిఠాయి తెరువు అనే పాత బజారుంది. విజి అనే టైలరు అక్కడి కొట్లలో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి "పెణ్‌కూట్టు" అని సంఘం పెట్టింది. మొదట వాళ్ళడిగింది కుర్చీ కూడా కాదు, బాత్రూం. ఆ తర్వాత కూర్చునే హక్కు. అక్కడా ఇవే కథలు: గోడకి ఆనుకుంటే జీతంలో కోత, నీళ్ళు తాగకుండా గడపడం. సమ్మెలు జరిగాయి, ఏళ్ళు పట్టింది. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని మార్చి, పనివాళ్ళకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. ఆ ఏడాదే బీబీసీ వందమంది మహిళల జాబితాలో విజి పేరొచ్చింది. 2021 సెప్టెంబరులో తమిళనాడు అసెంబ్లీ కూడా తమ దుకాణాల చట్టంలో ఇదే సవరణ పెట్టింది. చీరల షోరూములకు చెన్నై టీ నగర్ ఎంత పేరున్నదో తెలుసుగా.

బ్రిటన్‌లో 1899లోనే ఇందుకు చట్టముంది. కొట్లో పనిచేసే ఆడవాళ్ళు ముగ్గురికి ఒకటి చొప్పున సీటుండాలని. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షను కూడా, నిలబడి చేసే పనైతే వీలు చిక్కినప్పుడల్లా కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలంది. కానీ చీరల కొట్టు ఫ్యాక్టరీ కాదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో, వృత్తి భద్రత స్మృతిలో ఈ మాట మళ్ళీ ఉంది. దాని కింద నియమాలు ఎలా నడుస్తాయో, ఎవరు వచ్చి చూస్తారో చూడాలి. 1899 నుంచి ఇప్పటిదాకా చట్టం చెబుతూనే ఉన్నదంటే, ఎవరూ వినడం లేదని కూడా అర్థం.

అందుకే చట్టం మీద నాకు సగం నమ్మకమే. స్టూలు వేయించడం తేలిక. పైన కెమెరా, పక్కన ఇన్‌ఛార్జి, నెలాఖరున టార్గెట్ ఉండగా దాని మీద కూర్చునే ధైర్యం ఎవరిస్తారు? మా పిన్ని ఒకసారి షోరూములో చీరలు చూపిస్తున్న అమ్మాయిని, "నువ్వూ కూర్చోమ్మా, నేను చూసుకుంటాలే" అంది. ఆ అమ్మాయి "పర్లేదు మేడం" అని చేతిలో చీరని ఇంకా గబగబా మడవడం మొదలుపెట్టింది. పిన్ని ఆదరంగా అన్న మాటకి ఆ పిల్లకి టెన్షన్ పట్టుకుంది. పాపం, ఎవరైనా చూస్తే కస్టమరుతో కబుర్లాడుతున్నదనుకుంటారని భయం.

"కస్టమర్లే ఒప్పుకోరండీ"

బట్టల వ్యాపారంలో ఉన్న ఒక తెలిసినాయన్ని అడిగాను. ఆయన చెడ్డవాడేం కాదు. స్టాఫ్ పిల్లల ఫీజులు కట్టిన రోజులున్నాయి. "మేమేం వద్దంటామా? కస్టమర్లే ఒప్పుకోరండీ. మెట్లెక్కి వచ్చేసరికి అమ్మాయి కూర్చుని కనబడితే, పట్టించుకోవట్లేదని పక్క షాపుకి పోతారు" అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. నేను ఇంట్లో, ఆఫీసులో, ఫంక్షన్లలో చాలామందిని అడిగి చూశాను. కూర్చున్న సేల్స్‌గర్ల్ అనగానే చాలామంది మొహంలో "బద్ధకం" అన్న మాట కనిపించింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని వింటూ పెరిగిన వాళ్ళం కదా, కూర్చున్నవాళ్ళంతా తింటున్నట్టే కనిపిస్తారు.

కానీ ఇదే కస్టమరు బ్యాంకుకి వెళ్తే? క్యాష్ కౌంటరులో ఉద్యోగి కూర్చునే ఉంటాడు, మనం నిలబడతాం. రిజిస్ట్రార్ ఆఫీసులో, డాక్టరు గదిలో, కరెంటు బిల్లు కౌంటరులో అంతే. వాళ్ళు కూర్చున్నారని మనకెప్పుడైనా అవమానం అనిపించిందా? పైగా ఎమ్మార్వో ఆఫీసులో కూర్చోమంటే పొంగిపోతాం. కాబట్టి ఇది సర్వీసు సంగతి కాదు. ఎవరి ముందు ఎవరు నిలబడాలన్న పాత లెక్క. దొర గడీ ముందు నుంచి పోతూ చెప్పులు చేతబట్టుకున్న జనం, దొర కనబడితే మంచం దిగి నిలబడ్డ జనం మన తాతల కాలం వాళ్ళే. ఆ లెక్క అక్కడ తప్పని ఒప్పుకున్నాం. ఇక్కడ కస్టమరు దొరైపోయాడు, ఏసీ వేసుకుని.

అమెరికాలో చదువుకుంటూ గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో పార్ట్‌టైమ్ చేసిన మన పిల్లల్ని అడగండి, క్యాష్ కౌంటరు దగ్గర నిలబడి నిలబడి మడమలు ఎలా పగిలిపోతాయో చెబుతారు. అక్కడ క్యాషియర్లు నిలబడే ఉంటారు. జర్మనీలో ఉన్న మా స్నేహితురాలు చెప్పేది వేరు. అక్కడ సూపర్ మార్కెట్లో క్యాషియర్లు కూర్చునే బిల్లు కొడతారు, మనం సంచి సర్దుకునే లోపే ఇంకో పది వస్తువులు తోసేస్తారు. వేగానికీ నిలబడడానికీ సంబంధం లేదనడానికి అంతకంటే ఏం కావాలి?

పెద్దవాళ్ళొస్తే లేచి నిలబడడం మన మర్యాద కదా, దాన్నీ తప్పంటావా అని మా అన్నయ్య అడిగాడు. తప్పెందుకంటాను? మాస్టారు ఎదురైతే నేనిప్పటికీ లేస్తాను. లేవడం వేరు, కూర్చోనివ్వకపోవడం వేరు. కస్టమరు రాగానే ఆ అమ్మాయి లేచి పలకరిస్తే అది మర్యాద. రాని కస్టమరు కోసం నాలుగు గంటలు నిలబెడితే అది శిక్ష. చిన్నప్పుడు బళ్ళో మనకి శిక్ష కూడా ఇదేగా, బెంచీ ఎక్కి నిలబడు అని.

ఆదివారం ఎవరిది

ఇక్కడే నన్ను తికమక పెట్టే సంగతి ఒకటుంది. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో వచ్చింది. ఆ ఆదివారాన్ని మనం ఏం చేసుకున్నాం? షాపింగ్ రోజు చేసుకున్నాం. మనకి సెలవు కాబట్టి షోరూము వాళ్ళకి, హోటల్ వాళ్ళకి, డెలివరీ అబ్బాయిలకి ఆ రోజు రెట్టింపు పని. పని మనిషి ఆదివారం రానంటే "ఇంట్లో అందరూ ఉండే రోజే మానేస్తావా?" అంటాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటాం, ఆ రోజు ఎద్దుని కాడికి కట్టం, కొమ్ములకి రంగులేసి మొక్కుతాం. ఆ సాయంత్రమే షాపింగ్ మాల్‌కి వెళ్తాం.

అందరూ ఒకే రోజు సెలవు తీసుకోవడం కుదరదని నాకూ తెలుసు. ఆసుపత్రి, బస్సు, పాలు ఆగవు. మరి ఆదివారం బట్టలు కొనడం మానేయాలా? మానేస్తే ఆ అమ్మాయికి ఇన్సెంటివ్ పోతుంది. దీనికి నా దగ్గర చక్కని జవాబు లేదు. ఉన్నదల్లా ఇంతే. వాళ్ళ రోజుని తీసుకోక తప్పనప్పుడు, ఆ రోజులో కాసిని నిమిషాలు వాళ్ళవి వాళ్ళకి వదలాలి. బిల్లు కట్టే ముందు మేనేజరు దగ్గర "మీ స్టాఫ్‌కి స్టూళ్ళు లేవేంటండీ?" అని ఒక్క మాట అడగడం నేను మొదలుపెట్టాను. అమ్మాయి పేరు చెప్పకుండా, ఆమె ముందు కాకుండా. మేనేజర్లు నన్ను విచిత్రంగా చూస్తారు. చూడనీ. కస్టమర్లే ఒప్పుకోరన్నది వాళ్ళ సాకైతే, ఒప్పుకునే కస్టమర్లు కూడా ఉన్నారని తెలియాలిగా.

గేటు దగ్గర

ఇంత దూరం వచ్చాక మా అపార్ట్‌మెంటు గొడవ కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ యజమానులం మేమే. వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్న ఫోటో ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు, "మనం మెయింటెనెన్స్ కట్టేది ఇందుకేనా?" అని. మీటింగ్ పెట్టారు. కుర్చీ తీసేశారు. ఆర్నెల్ల కిందట సెల్లార్లోంచి ఒక బైకు పోయింది, ఆ ఇంటాయన కోపంలో న్యాయముంది. గేటు దగ్గర మనిషి నిద్రపోతే ఎలా అన్న ప్రశ్నకి "పాపం" అన్నది జవాబు కాదు.

కానీ ఆయనకి డ్యూటీ 12 గంటలు. ఇద్దరే మనుషులు, పగలొకరు, రాత్రొకరు. ఒకరు సెలవు పెడితే రెండో ఆయన 24 గంటలూ ఉంటాడు. ఫోటో తీసిన రోజు అదే జరిగింది. కుర్చీ తీసేస్తే నిద్ర రాదా? నిలబడి, గేటుకి ఆనుకుని నిద్రపోతాడు. నేనీ మాటంటే కొంత గొడవై, చివరికి కమిటీ మధ్యేమార్గంగా ఒక ప్లాస్టిక్ స్టూలు ఇప్పించింది. వీపు ఆనకుండా ఉండాలని ఏరికోరి వీపు లేనిదే తెచ్చారు. కూర్చోవచ్చు, హాయిగా కూర్చోకూడదు.

నిద్ర ఆపాలంటే మూడో మనిషి కావాలి, ఎనిమిదేసి గంటల షిఫ్టులు కావాలి. ఏజెన్సీవాడు మూడో మనిషికి నెలకి 15,000 అడిగాడు. మాది 60 ఫ్లాట్లు. ఫ్లాటుకి 250 రూపాయలు. పోయిన నెల మీటింగులో ఈ లెక్క బోర్డు మీద రాసి చూపించాను. బైకు పోయినాయన అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. కొందరు సరేనన్నారు. మిగిలినవాళ్ళు ఇంట్లో అడిగి చెబుతామన్నారు.